ఇంజన్ ఊపిరికి కొలబద్ద

ఆదోని మార్కెట్ యార్డుకి వచ్చిన పత్తికి ధర కట్టేటప్పుడు తేమ చూస్తారు, పింజ పొడవు చూస్తారు, రంగు చూస్తారు. ధరను తేల్చే అంకె ఇంకొకటి ఉంది. దాని పేరు మైక్రోనేర్. భారత పత్తి సంస్థ మద్దతు ధరకు కొనే పొడవు పింజ రకాల్లో ఒకదానికి పింజ 29.5 నుంచి 30.5 మి.మీ., మైక్రోనేర్ 3.5 నుంచి 4.3 వరకు ఉండాలని నిబంధన. పింజ పొడవును కంటితో అంచనా కట్టగలిగిన వాళ్లు ఆదోనిలో చాలామంది ఉన్నారు. మైక్రోనేర్ మాత్రం కంటికి అందదు. దాన్ని చెప్పేది గాలి.

తూచిన కొద్దిపాటి దూదిని ఒక చిన్న గొట్టంలో పెట్టి నిర్ణయించిన జాగాలోనే ఇమిడేలా అణుస్తారు. తొలినాటి యంత్రాల్లో ఆ దూది బరువు 50 గ్రెయిన్లు, అంటే 3.24 గ్రాములు. నిర్ణీత ఒత్తిడితో దానిగుండా గాలిని పంపి, ఎంత గాలి పారిందో చూస్తారు. పోగులు సన్నవైనా, సరిగా ముదరకపోయినా అదే బరువులో ఎక్కువ పోగులు పడతాయి. వాటి ఒరిపిడికి గాలి నెమ్మదిస్తుంది, మైక్రోనేర్ తగ్గుతుంది. పోగు ముతకదైతే గాలి సులువుగా దూసుకుపోతుంది, అంకె పెరుగుతుంది. 1940లలో వాడుకలోకి వచ్చిన ఈ పద్ధతికి పత్తి వ్యాపారం అలవాటు పడిపోయింది. గాలి చెప్పిన మాట మీద క్వింటాళ్ల కొద్దీ సరుకు చేతులు మారుతోంది.

ఒక వస్తువుగుండా గాలి ఎంత తేలిగ్గా పారుతుందో కొలిస్తే దాని లోపలి తీరు బయటపడుతుంది. ఈ అధ్యాయానికి ఆధారం ఆ సూత్రమే. దూదికి బదులు ట్రాక్టర్ ఇంజన్ హెడ్డును పెడితే, మనకు కావలసిన పరికరం ఫ్లో బెంచ్ అవుతుంది. పేరు విదేశీదైనా అందులో ఆదోని, ఎమ్మిగనూరు వర్క్‌షాపుల్లో దొరకని సామగ్రి దాదాపు ఏమీ లేదు. దాని పథకం ఏమిటో, ఎలా కట్టుకోవాలో, అది చెప్పే అంకెను ఎంతవరకు నమ్మవచ్చో చూద్దాం.

లీటరు డీజిల్‌కి ఎంత గాలి?

ట్రాక్టర్ డీజిల్‌తో నడుస్తుందంటాం. బరువు లెక్కన చూస్తే ఇంజన్ తినేదాంట్లో డీజిల్ పాలు చాలా తక్కువ. ఒక కిలో డీజిల్ పూర్తిగా మండటానికి రసాయన శాస్త్రం ప్రకారం దాదాపు 14.5 కిలోల గాలి కావాలి. అంత కొలతగా ఇస్తే డీజిల్ ఇంజన్‌లో పని జరగదు. సిలిండర్లోకి చిమ్మిన ప్రతి బొట్టూ తనకు కావలసిన ఆక్సిజన్‌ను లిప్తకాలంలో వెతుక్కోలేదు కాబట్టి, నల్లపొగ రాకుండా ఉండాలంటే 20 కిలోల దాకా గాలి అందాలి. లీటరు డీజిల్ బరువు సుమారు 0.83 కిలో. అంటే లీటరు డీజిల్ వెంట పదహారు కిలోలకు పైగా గాలి ఇంజన్లోకి వెళ్లాలి.

ఆ గాలి ఎలాంటిదో కూడా చూడాలి. ఆదోని సముద్రమట్టానికి సుమారు 435 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తులో వాతావరణ పీడనం సముద్రతీరం కన్నా దాదాపు 5 శాతం తక్కువ. దానికి మే నెల ఎండ తోడవుతుంది. 15 డిగ్రీల సముద్రతీరపు గాలి ఘనమీటరుకు 1.225 కిలోలు తూగుతుంది. 40 డిగ్రీల వేడిలో ఆదోని గాలి 1.07 కిలోలే. ఎనిమిదో వంతు పోయిందన్నమాట. పిస్టన్ లాగే ఘనపరిమాణం మారదు, ఆ ఘనపరిమాణంలో పట్టే ఆక్సిజన్ తగ్గుతుంది. టర్బో లేని ట్రాక్టర్ వేసవి దుక్కిలో రేగడి నేల మీద కాస్త బరువు పడగానే పొగ కక్కుతోందంటే, అందులో కొంత పాపం ఈ పలుచని గాలిది. వాతావరణాన్ని మనం మార్చలేం. వచ్చిన గాలికి లోపలికి వెళ్లే దారిలో అడ్డం లేకుండా చూసుకోవడం మాత్రం మన చేతిలో ఉంది.

వాల్వు దగ్గర ఇరుకు

ఫిల్టరు, గొట్టం, మానిఫోల్డు, హెడ్డులోని పోర్టు, చివరకు వాల్వు. గాలి నడిచే దారి ఇది. ఈ దారి మొత్తంలో అన్నిటికన్నా ఇరుకైన చోటు సాధారణంగా వాల్వు, దాని సీటు కలిసే చోటే.

42 మి.మీ. వ్యాసం ఉన్న ఇన్‌లెట్ వాల్వును తీసుకుందాం. అది ఒక మి.మీ. లేచినప్పుడు గాలికి దొరికే సందు వాల్వు చుట్టుకొలతంత పొడవు, ఒక మి.మీ. ఎత్తు ఉన్న పట్టీ. దాని వైశాల్యం 132 చదరపు మి.మీ. వాల్వు లేచేకొద్దీ పట్టీ వెడల్పవుతుంది. 10.5 మి.మీ. దగ్గర ఆ పట్టీ వైశాల్యం వాల్వు ముఖం వైశాల్యంతో, అంటే 1,385 చదరపు మి.మీ.తో సమానమవుతుంది. ఏ వాల్వుకైనా ఈ లెక్క ఒకటే. వాల్వు లేచే ఎత్తు, అంటే లిఫ్టు, వ్యాసంలో నాలుగో వంతుకు చేరగానే రెండు వైశాల్యాలూ కలుస్తాయి. ఆపైన వాల్వును ఎంత లేపినా పెద్దగా లాభం ఉండదు, ఎందుకంటే అప్పటికి ఇరుకు సందులోంచి పోర్టు గొంతులోకి మారిపోయి ఉంటుంది.

కాగితం మీది ఈ వైశాల్యాన్ని గాలి పూర్తిగా వాడుకోదు. సీటు అంచు దగ్గర మలుపు పదునుగా ఉంటే గాలి గోడను వదిలి విడిపోతుంది, అక్కడ సుడులు పడతాయి, పారే ధార సన్నబడుతుంది. పారే ధారకు నిజంగా దక్కిన వైశాల్యాన్ని ప్రభావ వైశాల్యం అంటారు. చాలా హెడ్లలో అది సందులో 60 శాతం అటూఇటూగా ఉంటుంది. మిగిలిన 40 శాతంలో ఎంత తిరిగి రాబట్టగలమన్నదే హెడ్డు పని చేసేవాళ్ల నైపుణ్యం. ఎంత రాబట్టారో కంటికి కనబడదు, వేలితో తడిమినా తెలియదు. అందుకే ఫ్లో బెంచ్ అనే ఈ బల్ల కావాలి.

మూడు శతాబ్దాల పాఠం

పారే ద్రవాన్ని పీడనంతో కొలవవచ్చన్న ఆలోచన పాతదే. 1732లో హెన్రీ పీటో పారిస్‌లోని సేన్ నదిలో వంచిన గాజు గొట్టాన్ని ముంచి, లోపల లేచిన నీటి ఎత్తుతో ప్రవాహ వేగాన్ని కొలిచాడు. 1738లో డేనియల్ బెర్నూలీ వేగానికీ పీడనానికీ ఉన్న సంబంధాన్ని తన గ్రంథంలో వివరించాడు. 1797లో వెంచూరి ఇరుకు గొంతులో పీడనం ఎలా పడిపోతుందో రాశాడు. ఇంజన్ పోర్టులకు ఈ విద్యను పట్టుదలగా వర్తింపజేసిన తొలితరం వాళ్లలో ఇంగ్లండుకు చెందిన హ్యారీ వెస్లేక్ ముఖ్యుడు. 1935లో వచ్చిన ఎస్.ఎస్. జాగ్వార్ కారుకు ఆయన కొత్త హెడ్డు రూపొందించాడు. అంతకుముందు 70 హార్స్‌పవర్ దరిదాపుల్లో ఉన్న ఆ ఇంజన్ 100 దాటింది. సిలిండర్లను పెద్దవి చేయలేదు. వాల్వులను పైకి మార్చి, గాలి దారిని సరిచేశారు.

బల్ల పథకం

ఫ్లో బెంచ్‌లో కదిలే భాగాలు దాదాపు లేవు. రెండు గాలిపెట్టెలు, మధ్యలో ఒక కొలత రంధ్రం, చివర గాలిని పీల్చే మోటార్లు. అంతే.

పైపెట్టె మూతకు ఒక గుండ్రని కంత ఉంటుంది. దాని మీద ఇంజన్ బోరుతో సమానమైన వ్యాసం ఉన్న గొట్టాన్ని నిలబెట్టి, ఆ గొట్టం మీద హెడ్డును బోర్లించి బిగిస్తారు. హెడ్డుకు ఆ గొట్టం సిలిండర్ లాగే ఉంటుంది. షెడ్డులో పడి ఉన్న పాత లైనరు దీనికి బాగా పనికొస్తుంది. మోటార్లు నడిస్తే బయటి గాలి ఇన్‌లెట్ పోర్టులో దూరి, వాల్వు దాటి, లైనరుగుండా పైపెట్టెలోకి దిగుతుంది. అక్కడ కాస్త నెమ్మదించి, కొలత రంధ్రం దాటి కిందిపెట్టెలో పడి, మోటార్ల ద్వారా బయటికి పోతుంది. ఎగ్జాస్ట్ పోర్టును పరీక్షించాలంటే ఇదే దారిలో గాలిని ఎదురు తోయాలి.

వాల్వును కావలసినంత లేపి నిలపడానికి ఒక మర కావాలి. హెడ్డు మీద చిన్న ఇనుప చట్రం బిగించి, అందులో సన్నమర ఉన్న బోల్టును వాల్వు కాడ మీదికి దింపుతారు. అసలు స్ప్రింగు తీసేసి తేలికైనది వేస్తే చేతితో తిప్పవచ్చు. ఎంత లేచిందో డయల్ గేజీ చెబుతుంది. ఒక మి.మీ., రెండు, మూడు, ఇలా కాంషాఫ్టు ఇచ్చే పూర్తి లిఫ్టు దాకా ఒక్కో మెట్టు దగ్గర కొలత తీసుకోవాలి.

పెట్టెలను 18 మి.మీ. ప్లైవుడ్‌తో చేయవచ్చు. అడుగూ మూడంగుళాలకు కాస్త మించిన పలకలు, అంటే ఒక్కో వైపు 40 సెంటీమీటర్లు, చాలు. పైపెట్టెలో పీడనం బయటికన్నా కొద్దిగానే తగ్గుతుంది కాబట్టి బలం అక్కర్లేదనుకుంటే పొరపాటు. 250 మి.మీ. నీటిమట్టమంత, అంటే గొట్టంలో నీటిని అంత ఎత్తుకు లేపగలిగే పీల్పుకే ఒక్కో పలక మీద బయటి గాలి 40 కిలోల బలంతో నొక్కుతుంది. కిందిపెట్టెలో అది 70 కిలోల దాకా వెళుతుంది. పలకకు అడ్డకమ్మీలు వేయకపోతే అది లోపలికి వంగుతుంది, అతుకులు నోరు తెరుస్తాయి. ప్రతి అతుకుకూ జిగురు, దానిమీద సిలికాన్ పూత తప్పనిసరి.

ఎన్ని మోటార్లు?

బోరు 93 మి.మీ., స్ట్రోకు 122 మి.మీ. ఉండి, నిమిషానికి 2,000 చుట్లు తిరిగే మూడు సిలిండర్ల ఇంజన్ అనుకుందాం. మన పొలాల్లో తిరిగే చాలా ట్రాక్టర్లు ఈ కొలతలకు దగ్గరే. ఇంజన్ మొత్తం మీద సగటున సెకనుకు 35 లీటర్ల గాలి లాగుతుంది. ఒక్క సిలిండర్లో పిస్టన్ గరిష్ఠ వేగంతో దిగే క్షణంలో మాత్రం ఆ ఒక్క పోర్టు నుంచే సెకనుకు దాదాపు 90 లీటర్ల లెక్కన అడుగుతుంది. సగటు చూసి పోర్టు సరిపోతుందనుకోవడం ఎందుకు తప్పో ఈ రెండు అంకెలే చెబుతాయి.

బల్ల మీద ఆ 90 లీటర్లనూ పారించనక్కర్లేదు. ప్రవాహం పీడన వ్యత్యాసానికి వర్గమూలంగా పెరుగుతుంది. తక్కువ పీల్పు దగ్గర కొలిచి, పెద్ద పీల్పుకు లెక్క కట్టవచ్చు. పెద్ద వర్క్‌షాపుల్లో 28 అంగుళాల నీటిమట్టం, అంటే 711 మి.మీ., దగ్గర కొలవడం వాడుక. చిన్న బల్లకు 250 మి.మీ. చాలు. ఒకదాని నుంచి ఇంకోదానికి మారాలంటే 1.69తో గుణించాలి.

ఇంటి వ్యాక్యూమ్ క్లీనర్లో ఉండే వెయ్యి, పన్నెండు వందల వాట్ల మోటారు ఈ పీల్పు దగ్గర సెకనుకు పాతిక, ముప్పై లీటర్ల గాలి లాగగలదు. ఒక్క పోర్టుకు రెండు మోటార్లు పక్కపక్కన చాలు, మూడోది ఉంటే పెద్ద హెడ్లకు పనికొస్తుంది. మూడూ కలిస్తే 16 ఆంపియర్ల దాకా కరెంటు లాగుతాయి కాబట్టి వాటికి విడిగా వైరు లాగి, ఒకదాని తర్వాత ఒకటి వేయాలి. పీల్పును సర్దడానికి మోటారు వేగాన్ని తగ్గించే రెగ్యులేటరు కన్నా కిందిపెట్టెకు ఒక పక్కతలుపు పెట్టడం మేలు. దాన్ని తెరిస్తే బయటి గాలి కొంత నేరుగా మోటార్లలోకి పోతుంది, పోర్టు మీద పీల్పు తగ్గుతుంది. తలుపును వెంట్రుకవాసి కదిపినా మట్టం నిలకడగా సర్దుకుంటుంది.

మోటార్ల స్థానం విషయంలో ఒక నియమం ఉంది. ఇన్‌లెట్ పరీక్షలో అవి ఎప్పుడూ కొలత రంధ్రం తర్వాతే ఉండాలి. మోటారు గుండా వెళ్లిన గాలి వేడెక్కుతుంది, వ్యాకోచిస్తుంది. ఆ గాలిని కొలిస్తే అంకె తప్పు.

రంధ్రం, నీళ్ల గొట్టం

బల్లకు ప్రాణం కొలత రంధ్రమే. మూడు మి.మీ. మందం ఉన్న పలకలో లేత్ మీద గుండ్రంగా రంధ్రం కోస్తారు. గాలి వచ్చే వైపు అంచు కత్తిలా పదునుగా ఉండాలి, వెళ్లే వైపు 45 డిగ్రీల వాలు తీయాలి. అంచున కోతలో మిగిలిన లోహపు నూగు (బర్) ఉండకూడదు. ఎమెరీ కాగితంతో రుద్ది అంచును గుండ్రం చేయకూడదు. పదును అంచు దాటిన గాలి ధార రంధ్రం కన్నా సన్నబడుతుంది. పదునుగా ఉన్నంతకాలం ఆ సన్నబడటం ఎప్పుడూ ఒకే తీరుగా, వైశాల్యంలో 0.61 వంతుగా ఉంటుంది. అంచు మొద్దుబారితే ఆ అంకె పెరిగిపోతుంది. వ్యాసాన్ని వెర్నియర్‌తో నాలుగు దిక్కులా కొలవాలి. వ్యాసంలో ఒక శాతం పొరపాటు వైశాల్యంలో రెండు శాతం అవుతుంది.

ఒక్క రంధ్రంతో అన్ని కొలతలూ తీయలేం. 40 మి.మీ. రంధ్రం ఉందనుకోండి. వాల్వు ఎనిమిది మి.మీ. లేచినప్పుడు రంధ్రం మీద పీడన వ్యత్యాసం స్పష్టంగా కనిపిస్తుంది. వాల్వు ఒక్క మి.మీ. లేచినప్పుడు అదే రంధ్రం మీద వ్యత్యాసం మూడు మి.మీ. నీటిమట్టం కూడా రాదు, చదవలేం. అక్కడ 15 మి.మీ. రంధ్రం ఉన్న పలక పెడితే మట్టం 138 మి.మీ. దగ్గరికి లేస్తుంది. అందుకే 15, 25, 40 మి.మీ. పలకలు మూడు కోయించి, లిఫ్టును బట్టి మార్చుకుంటారు.

పీడనాన్ని కొలవడానికి తాపీమేస్త్రీలు మట్టం చూసుకునే పారదర్శకమైన ట్యూబు చాలు. దాన్ని యు ఆకారంలో బద్దకు బిగించి, రంగు కలిపిన నీళ్లు పోస్తే మానోమీటరు అవుతుంది. ఇలాంటివి రెండు కావాలి. మొదటిది పైపెట్టెకూ గది గాలికీ మధ్య తేడా చూపుతుంది. దాన్ని ఎప్పుడూ 250 మి.మీ. దగ్గరే నిలపాలి. రెండోది పైపెట్టెకూ కిందిపెట్టెకూ మధ్య, అంటే రంధ్రానికి రెండు వైపులా ఉన్న తేడా చూపుతుంది. పారే గాలి ఎంతో చెప్పేది ఇదే. ట్యూబు చివరలు గాలి ధార తగిలే చోట కాక పెట్టె మూలల్లో, గోడకు సమంగా తెరుచుకోవాలి. ధార నేరుగా తగిలితే దాని వేగం కూడా పీడనంలా కనబడి మోసం చేస్తుంది.

ఒక లెక్క

42 మి.మీ. వాల్వు ఉన్న హెడ్డును బల్ల మీద పెట్టాం. లిఫ్టు 8 మి.మీ., మొదటి మానోమీటరు 250 మి.మీ. దగ్గర నిలిచింది, రంధ్రం 40 మి.మీ. రెండో మానోమీటరులో తేడా 160 మి.మీ. వచ్చిందనుకుందాం. రంధ్రం వైశాల్యం 1,257 చదరపు మి.మీ. దాన్ని 0.61తో గుణిస్తే దాని ప్రభావ వైశాల్యం 767. ఇప్పుడు 160ని 250తో భాగించి వర్గమూలం తీస్తే 0.8. రెండూ గుణిస్తే 613 చదరపు మి.మీ. హెడ్డు ప్రభావ వైశాల్యం ఇదే. వేసవి గాలిలో సెకనుకు దాదాపు 41 లీటర్లు.

సీటు అంచులు సరిచేసి మళ్లీ పెడితే రెండో మానోమీటరు 180 చూపిందనుకుందాం. మట్టం పన్నెండున్నర శాతం లేచింది. ప్రవాహం కూడా అంతే పెరిగిందనుకోకూడదు. వర్గమూలం తీస్తే ప్రభావ వైశాల్యం 650, అంటే పెరిగింది ఆరు శాతమే. ఆరు శాతం తక్కువేమీ కాదు. 435 మీటర్ల ఎత్తు మన దగ్గర లాక్కున్న ఐదు శాతంలో కొంత ఇక్కడ తిరిగి రావచ్చు.

ఈ లెక్కలో ఒక అందం ఉంది. ప్రభావ వైశాల్యం కట్టేటప్పుడు గాలి సాంద్రత మనకు అవసరం రాలేదు. పోర్టు గుండా పోయిన గాలే రంధ్రం గుండా పోతుంది కాబట్టి, సాంద్రత రెండు చోట్లా ఒకేలా పనిచేసి రద్దయిపోతుంది. డిసెంబరు ఉదయం 20 డిగ్రీల్లో కొలిచినా, మే మధ్యాహ్నం 40 డిగ్రీల్లో కొలిచినా ఆదోని గాలి సాంద్రత ఆరు శాతానికి పైగా మారుతుంది, ప్రభావ వైశాల్యం మాత్రం మారదు. థర్మామీటరు, బారోమీటరు లేని షెడ్డులో కూడా నిక్కచ్చి పోలిక సాధ్యమవడానికి కారణం ఇదే.

నమ్మదగ్గ అంకె

బల్ల కట్టగానే హెడ్డు పెట్టకూడదు. ముందు బల్లను పరీక్షించాలి. పై కంతను గట్టి పలకతో మూసేసి మోటార్లు వేస్తే రెండో మానోమీటరు కదలకూడదు. కదిలిందంటే ఎక్కడో గాలి కారుతోంది. అగరుబత్తి పొగను అతుకుల వెంట తిప్పితే ఎక్కడ లోపలికి లాగుతుందో కనిపిస్తుంది. ఆ తర్వాత పై కంత మీద లోపలి పలకతో సమానమైన ఇంకో రంధ్రం పలక పెట్టాలి. రెండు రంధ్రాలూ ఒకటే కాబట్టి రెండు మానోమీటర్లూ ఒకే మట్టం చూపాలి. చూపకపోతే పలకల అంచుల్లోనో, ట్యూబు చివరల్లోనో దోషం ఉన్నట్టు.

హెడ్డు పెట్టాక ఇంకో జాగ్రత్త. పోర్టు మొగ ఉత్తగా వదిలేస్తే అక్కడి పదును అంచే గాలిని అడ్డుకుంటుంది. ఇంజన్లో ఆ చోట మానిఫోల్డు ఉంటుంది కదా. అందుకని మొగ చుట్టూ బంకమన్నుతో గుండ్రని పెదవిలా దిద్దుతారు. ఈ పెదవి ఉన్నప్పుడు, లేనప్పుడు వచ్చే అంకెలు పోల్చితే అంచు గుండ్రదనానికి గాలి ఎంత విలువిస్తుందో మొదటిసారి చూసేవాళ్లకు కూడా తెలిసిపోతుంది. ఒకే హెడ్డును విప్పి, మళ్లీ బిగించి కొలిచినప్పుడు అంకెలు ఒక శాతం లోపు కలవాలి. అలా కలవని బల్ల మీద రెండు శాతం లాభం చూపించామని చెప్పుకోవడానికి లేదు.

బల్ల నేర్పే సంగతులు

పోర్టును అద్దంలా మెరిపిస్తే గాలి ఎక్కువ పారుతుందని చాలామంది నమ్ముతారు. బల్ల ఆ నమ్మకాన్ని సమర్థించదు. నునుపు ఇచ్చే లాభం స్వల్పం, ఆకారం ఇచ్చే లాభం ఎక్కువ. పోర్టు నేల వాల్వు వైపు తిరిగే లోపలి మలుపు దగ్గర గాలి గోడను వదలకుండా ఉండాలి. అక్కడ తొందరపడి లోహం తీసేస్తే పోర్టు వైశాల్యం పెరుగుతుంది, ప్రవాహం తగ్గుతుంది. పెద్ద కంతకు పెద్ద ప్రవాహం అన్న లెక్క గాలి విషయంలో తప్పుతుంది.

సీటు దగ్గర దక్కే లాభం ఖర్చు లేనిది. 45 డిగ్రీల సీటుకు పైన 30, కింద 60 డిగ్రీల కోతలు ఇస్తే గాలికి ఒక్క పదును మలుపు బదులు మూడు చిన్న మలుపులు దొరుకుతాయి. తక్కువ లిఫ్టుల దగ్గర దీని ఫలితం స్పష్టంగా కనిపిస్తుంది. వాల్వు తెరుచుకునేటప్పుడూ మూసుకునేటప్పుడూ ఆ తక్కువ లిఫ్టులు దాటాల్సిందే కాబట్టి ఆ లాభం వృథా పోదు.

మరమ్మతు ఊళ్లకు ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. ఓవర్‌హాలింగ్ జరిగిన ప్రతిసారీ వాల్వు, సీటు రుద్దుతారు. రుద్దిన ప్రతిసారీ వాల్వు హెడ్డు ముఖం కన్నా కొంచెం లోపలికి దిగుతుంది. గుంటలో కూరుకుపోయిన వాల్వు చుట్టూ హెడ్డు గోడ లేస్తుంది, గాలి ఆ గోడకు కొట్టుకుంటుంది. కుదింపు నిష్పత్తి కూడా తగ్గుతుంది. వాల్వు లీకు లేకుండా కూర్చుందని డీజిల్ పోసి పరీక్షిస్తే తేలుతుంది, కాని ఊపిరి ఎంత పోయిందో ఆ పరీక్ష చెప్పదు. కొత్త సీటు రింగు వేయాలా, ఇంకోసారి రుద్దితే చాలా అన్న ప్రశ్నకు బల్ల అంకెతో జవాబిస్తుంది.

డీజిల్ హెడ్డు విషయంలో ప్రవాహం ఒక్కటే చూస్తే దెబ్బతింటాం. నేరుగా సిలిండర్లోకి డీజిల్ చిమ్మే ఇంజన్లలో చాలావాటికి పోర్టును కావాలనే మెలితిప్పి పోస్తారు. గాలి సుడి తిరుగుతూ దిగితేనే డీజిల్ తుంపరతో బాగా కలుస్తుంది. ఆ మెలికను అడ్డంగా భావించి తీసేస్తే బల్ల మీద ప్రవాహం పెరిగినట్టు కనిపిస్తుంది, పొలంలో మాత్రం పొగ పెరుగుతుంది. అందుకని లైనరు లోపల, హెడ్డుకు బోరున్నర దూరంలో తేలికైన రెక్కల చక్రం ఒకటి అమర్చి, అది నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో కూడా రాసుకోవాలి. ప్రవాహం పెరిగి, చుట్లు తగ్గకపోతేనే ఆ పని మంచి పని.

దూది పీచు, రేగడి దుమ్ము

ఈ ప్రాంతంలో బల్లకు హెడ్ల కన్నా ఎక్కువ పని కల్పించేది గాలి ఫిల్టరు. జిన్నింగ్ మిల్లుల్లో పత్తిని గొట్టాల్లో లాక్కెళ్లే గాలి సెకనుకు 20 నుంచి 25 మీటర్ల వేగంతో పోతుంది. అక్కడ లేచిన పీచు మిల్లు ఆవరణ దాటి వస్తుంది. పత్తి బండ్లు లాగే ట్రాక్టర్ల ప్రీక్లీనర్లలో, రేడియేటర్లలో అది చాపలా పరుచుకుంటుంది. పొలంలో దుమ్ము దానికి తోడు. చాలా డీజిల్ ఇంజన్లకు ఫిల్టరు అడ్డం 500 నుంచి 650 మి.మీ. నీటిమట్టం దాటితే మార్చాలని తయారీదారులు చెబుతారు. కొత్త ఫిల్టరును బల్ల మీద పెట్టి ఇంజన్ లాగే ప్రవాహం దగ్గర అడ్డం ఎంతో రాసుకుని, వాడిన ఫిల్టరును అదే ప్రవాహం దగ్గర పెడితే తేడా వెంటనే తేలుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. కంప్రెసర్ గాలిని దగ్గరగా పెట్టి కొట్టిన కాగితం ఫిల్టరు బల్ల మీద చాలా తేలిగ్గా గాలి పారించవచ్చు. అది శుభ్రపడటం వల్ల కావచ్చు, కాగితం చిరగడం వల్లా కావచ్చు. కొత్త ఫిల్టరు కన్నా తేలిగ్గా పారిస్తే దాన్ని అనుమానించాలి. లోపల దీపం పెట్టి చీకట్లో చూస్తే చిరుగు కనిపిస్తుంది. ఆ చిరుగులోంచి వెళ్లిన మట్టి రింగులనూ లైనర్లనూ అరగదీస్తుంది. ఫిల్టరు ఖరీదు మిగిలిందనుకున్న రైతు ఇంజన్ ఖరీదు పెట్టుకోవాల్సి వస్తుంది.

బల్ల చెప్పలేనివి

ఫ్లో బెంచ్‌లో గాలి నిలకడగా పారుతుంది. ఇంజన్లో అలా ఉండదు. నిమిషానికి 2,000 చుట్ల దగ్గర ఇన్‌లెట్ వాల్వు సెకనుకు దాదాపు 17 సార్లు తెరుచుకుంటుంది, తెరిచి ఉండేది ఒక్కోసారి 20 మిల్లీసెకన్లు మాత్రమే. గొట్టాల్లో పీడన తరంగాలు అటూఇటూ కొట్టుకుంటాయి. కాంషాఫ్టు సమయం, ఇంజెక్టరు స్థితి, రింగుల బిగువు వీటిలో ఏదీ బల్లకు తెలియదు. ఆరు శాతం ప్రవాహం పెరిగితే ఆరు శాతం హార్స్‌పవర్ పెరుగుతుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకూడదు. గాలి పెరిగినా పంపు పంపే డీజిల్ మారకపోతే శక్తి పెద్దగా పెరగదు, పొగ తగ్గుతుంది, వేడి తగ్గుతుంది. మన ట్రాక్టర్లకు ఆ లాభం చాలు.

బల్ల గట్టిగా చెప్పగలిగేది పోలిక ఒక్కటే. ఈ హెడ్డు ఆ హెడ్డు కన్నా మేలా, ఇదే హెడ్డు నిన్నటి కన్నా మేలా, మూడు సిలిండర్ల పోర్టులూ సమానంగా పారిస్తున్నాయా. మరమ్మతు చేసేవాళ్లకు రోజూ ఎదురయ్యే ప్రశ్నలు కూడా ఇవే.

ఆదోనికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. ఆ ఊరి నేత పనిలో నూలును నంబరు లేకుండా ఎవరూ కొనరు. 40వ నంబరు నూలంటే ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు నలభై ఉండాలి, అంతే. ఆదోనిలో పత్తికి మైక్రోనేర్ ఉంది, ఎమ్మిగనూరులో నూలుకు నంబరు ఉంది. ఈ రెండు ఊళ్ల మధ్య తిరిగే ట్రాక్టర్ హెడ్డుకు మాత్రం మరమ్మతు అయ్యాక ఏ అంకే లేదు. పని బాగా చేశామన్న మెకానిక్ మాట, బాగా లాగుతోందన్న రైతు మాట తప్ప వేరే సాక్ష్యం లేదు. ఇద్దరూ నిజమే చెప్పవచ్చు. అయినా వాళ్ల దగ్గర ఒక అంకె ఉండటం ఇద్దరికీ న్యాయం.

ఐటీఐలో, పాలిటెక్నిక్‌లో చదివే పిల్లలు ఒక సెమిస్టరు ప్రాజెక్టుగా ఈ బల్లను కట్టగలరు. ప్లైవుడ్డు, రెండు మూడు మోటార్లు, లేత్ మీద కోసిన మూడు పలకలు, రెండు నీళ్ల ట్యూబులు, ఒక డయల్ గేజీ. కట్టేక్రమంలో వర్గమూలం ఎందుకు వస్తుందో, సాంద్రత ఎలా రద్దవుతుందో వాళ్ల చేతులకే అర్థమవుతుంది. షెడ్డుల్లో పనిచేసే వాళ్లకు దీన్ని అందుబాటులో పెడితే, హెడ్డు విప్పినప్పుడు ఒక అంకె, బిగించే ముందు ఒక అంకె బిల్లు మీద రాయవచ్చు. మొదటిదాని కన్నా రెండోది పెరిగితే రైతు ఇచ్చిన డబ్బుకు లెక్క దొరుకుతుంది. పెరగకపోతే హెడ్డు ఇంకా షెడ్డులోనే ఉంది కాబట్టి, మళ్లీ పని మొదలుపెట్టవచ్చు.